బాల్టిమోర్ రేవు నుంచి బెయిలు కిటికీ దాకా

రెండు వందల ఏళ్ల కిందట బాల్టిమోర్ హార్బర్ తూర్పు వైపున జాన్ బారన్ అనే వ్యాపారికి, అతని భాగస్వామికి కలిపి ఒక రేవుకట్ట ఉండేది. పెద్ద ఓడలు కట్టను ఆనుకుని నిలబడేంత లోతు నీళ్లుండటమే ఆ ఆస్తి విలువ. నగరపాలక సంస్థ వీధులు చదును చేస్తూ, రాళ్లు పరుస్తూ, చుట్టుపక్కల వాగుల దారి మళ్లించింది. గట్టి వాన పడ్డప్పుడల్లా ఆ వాగులు మోసుకొచ్చిన ఇసుక, మట్టి బారన్ కట్ట ముందు మేటలు వేశాయి. కొన్నేళ్లకు అక్కడ ఓడలు ఆగడం మానేశాయి. నష్టపరిహారం కోసం బారన్ దావా వేశాడు. కౌంటీ కోర్టు 4,500 డాలర్లు ఇప్పించింది. మేరీలాండ్ అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. బారన్ వాషింగ్టన్ వెళ్లి సుప్రీంకోర్టు తలుపు తట్టాడు.

అతని వాదన సూటిగా ఉంది. అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ఇచ్చే హామీల్లో రెండు ఇక్కడ ముఖ్యం. డ్యూ ప్రాసెస్ లేకుండా, అంటే న్యాయబద్ధమైన ప్రక్రియ నడపకుండా ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ తీసుకోకూడదన్నది మొదటిది. ప్రజావసరానికి ప్రైవేటు ఆస్తి తీసుకుంటే తగిన పరిహారం ఇవ్వాలన్నది రెండోది. తన రేవును నగరం పనికిరాకుండా చేసింది కాబట్టి పరిహారం ఇప్పించమన్నాడు బారన్. నగరం తరఫు లాయర్లలో ఒకరైన రోజర్ టానీ వాదించడానికి లేస్తే, మీ వాదన వినాల్సిన పని లేదని కోర్టు ఆపేసింది. నగరం అప్పటికే గెలిచేసింది మరి. 1833లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చెప్పిన తీర్పు సారం ఇది: ఐదో సవరణతో సహా హక్కుల పట్టికలోని సవరణలు ఫెడరల్ ప్రభుత్వం చేతులు కట్టేయడానికి పెట్టుకున్నవి. రాష్ట్రం గానీ, రాష్ట్రం కింది నగరం గానీ అన్యాయం చేస్తే వాటితో పని లేదు. నీ రాష్ట్ర రాజ్యాంగాన్నే అడుక్కో.

నేను మేరీలాండ్‌లో క్రిమినల్ కేసులు వాదించే తెలుగు లాయర్ని. నరసరావుపేట కోర్టులో ప్లీడరీ చేసిన తండ్రి ఇంట్లో పెరిగాను. హక్కు విలువ కింది కోర్టులోనే తేలుతుందన్నది ఆయన దగ్గర నేర్చుకున్న పాఠం. సుప్రీంకోర్టు గొప్ప తీర్పులు చట్టం పుస్తకాల్లో ఉంటాయి. మనిషి మాత్రం ముందు పోలీస్ స్టేషన్‌కూ, ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టుకూ వెళ్తాడు. అమెరికాలో డ్యూ ప్రాసెస్ ఆ కింది మెట్టు దాకా దిగి రావడానికి పట్టిన కాలాన్ని చదివినప్పుడల్లా ఆ పాఠం ఎంత నిజమో నాకు తెలిసొస్తుంది. ఆ దిగిరావడంలో మా చిన్న రాష్ట్రం వాటా చాలా పెద్దది.

మన దేశంలో చదువుకున్నవాళ్లకు బారన్ తీర్పు వింతగా తోస్తుంది. భారత రాజ్యాంగం ఒకటే. అందులోని ప్రాథమిక హక్కులు కేంద్రానికీ, రాష్ట్రాలకూ, పంచాయతీలకూ కూడా వర్తిస్తాయని 12వ అధికరణ మొదట్లోనే తేల్చేసింది. అమెరికాలో అలా కాదు. రాష్ట్రాలు ముందు పుట్టాయి, కేంద్రం తర్వాత పుట్టింది. ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత శిక్షాస్మృతి, సొంత జైళ్లు ఉన్నాయి. దొంగతనం, కొట్లాట, హత్య వంటి మామూలు నేరాలన్నీ దాదాపుగా రాష్ట్ర కోర్టులే విచారిస్తాయి. 1833 తీర్పుతో ఏమైందంటే, జనం నిత్యం ఎదుర్కొనే కోర్టుల్లో దేశ రాజ్యాంగం ఇచ్చిన రక్షణ లేకుండా పోయింది.

రాష్ట్రాల దగ్గర ఏమీ లేదని కాదు. మేరీలాండ్ ఇంకా ఇంగ్లండ్ వలసగా ఉన్నప్పుడే, 1639లో, ఇక్కడి శాసనసభ ప్రజల స్వేచ్ఛల గురించి ఒక చట్టం చేసింది. 1776 నవంబరులో అన్నాపొలిస్‌లో ఆమోదించిన హక్కుల ప్రకటనలో 21వ అధికరణ మాగ్నాకార్టా నుంచి నేరుగా దిగిన మాట. తోటివారి తీర్పు వల్ల గానీ, దేశంలో అమల్లో ఉన్న చట్టం ప్రకారం గానీ తప్ప, స్వతంత్రుడైన ఏ మనిషినీ పట్టుకోకూడదు, ఖైదు చేయకూడదు, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి లాక్కోకూడదు. ఫెడరల్ ఐదో సవరణ 1791లో వచ్చింది. అంటే మా రాష్ట్రం హామీ దానికంటే పదిహేనేళ్లు పెద్దది. ఇప్పుడది 24వ అధికరణగా అమల్లో ఉంది.

కానీ అందులో స్వతంత్రుడైన మనిషి అన్న షరతు ఉంది. బారన్ దావా నడుస్తున్న ఏళ్లలోనే అదే హార్బర్ తూర్పు కొసన, ఫెల్స్ పాయింట్‌లో, ఫ్రెడరిక్ డగ్లస్ అనే బానిస పిల్లవాడు యజమాని బంధువుల ఇంట్లో పనిచేస్తూ, దొంగచాటుగా చదవడం నేర్చుకుంటున్నాడు. తర్వాత అక్కడి ఓడల కార్ఖానాల్లో చెక్కల సందులు పూడ్చే పని చేశాడు. అతని కూలి డబ్బు యజమాని తీసుకునేవాడు. రేవుకట్ట యజమానికి కనీసం కోర్టుకెక్కే దారి ఉంది. డగ్లస్‌కు అదీ లేదు. 1838లో అతను పారిపోయి స్వేచ్ఛ తెచ్చుకున్నాడు.

కోర్టు నోరు విప్పనివ్వకుండానే గెలిచిన రోజర్ టానీ, మార్షల్ తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివారు ఈ దేశ పౌరులు కాలేరన్నాడు. అంతటితో ఆగలేదు. బానిస యజమాని ఆస్తి కాబట్టి, కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధిస్తే ఐదో సవరణ డ్యూ ప్రాసెస్‌కు విరుద్ధమన్నాడు. మనిషిని కాపాడాల్సిన హామీ మనిషిని ఆస్తిగా ఉంచడానికి వాడుకోబడింది. మేరీలాండ్ బిడ్డడని టానీ కంచు విగ్రహాన్ని 1872లో అన్నాపొలిస్ శాసనసభ ముందు నిలబెట్టారు. 2017 ఆగస్టులో ఒక రాత్రి దాన్ని తొలగించారు. తొలగించడమే న్యాయమని నా అభిప్రాయం.

అంతర్యుద్ధం ముగిశాక ఒహాయో ప్రతినిధి జాన్ బింగమ్ 14వ సవరణ మొదటి సెక్షన్ రాశాడు. ఏ రాష్ట్రమూ డ్యూ ప్రాసెస్ లేకుండా ఏ వ్యక్తి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ హరించకూడదు. బారన్ తీర్పు మిగిల్చిన ఖాళీని పూడ్చడానికే ఇలా రాశానని ఆయన కాంగ్రెస్‌లోనే చెప్పాడు. 1868 జులైలో సవరణ అమల్లోకి వచ్చింది. మేరీలాండ్ శాసనసభ 1867లో దాన్ని తిరస్కరించింది. చివరికి ఆమోదించింది 1959లో.

రాజ్యాంగంలో రాసినంత మాత్రాన కోర్టు హాల్లోకి రాదు. 1884లో కాలిఫోర్నియా కేసులో, హత్యానేరం మోపడానికి రాష్ట్రాలకు గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం, అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట నేటికీ చెల్లుతోంది. 1897లో చికాగో నగరం రైల్వే స్థలం తీసుకున్న కేసులో, తగిన పరిహారం ఇవ్వడం 14వ సవరణ ప్రకారం రాష్ట్రాల బాధ్యత కూడా అని ఒప్పుకుంది. బారన్ అడిగిన సూత్రం 64 ఏళ్లకు నెగ్గింది. ఆస్తికి అంత తొందరగా దొరికింది స్వేచ్ఛకు దొరకలేదు. 1931లో అలబామాలో రైల్లో వెళ్తున్న తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ల మీద అత్యాచారం నేరం మోపి, పట్టుకున్న కొద్దిరోజుల్లోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. లాయరు ఉన్నాడనిపించడానికి ఉన్నాడంతే. 1932లో సుప్రీంకోర్టు, ప్రాణం పోయే కేసులో అలాంటివాళ్లకు రాష్ట్రం లాయర్ని ఇవ్వాల్సిందేనంది. ఉరి లేని కేసుల సంగతి తేలలేదు.

అది తేల్చాల్సిన కేసు మా రాష్ట్రం నుంచే వెళ్లింది. క్యారల్ కౌంటీ బాల్టిమోర్‌కు వాయవ్యంగా ఉన్న వ్యవసాయ ప్రాంతం. 1938 క్రిస్మస్ ముందురోజు అక్కడ ఒక దుకాణంలో దోపిడీ జరిగింది. స్మిత్ బెట్స్ అనే పనిలేని వ్యవసాయ కూలీని పట్టుకున్నారు. లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు, ఒకర్ని ఇప్పించండని బెట్స్ జడ్జిని అడిగాడు. హత్య, అత్యాచారం కేసుల్లో తప్ప లాయర్ని ఇచ్చే ఆనవాయితీ ఈ కౌంటీలో లేదని జడ్జి చెప్పాడు. బెట్స్ తన కేసు తానే వాదించుకున్నాడు. ఆ రోజు తాను వేరేచోట ఉన్నానని చెప్పడానికి సాక్షుల్ని పిలిపించాడు. జ్యూరీ లేకుండా జడ్జే విని ఎనిమిదేళ్ల శిక్ష వేశాడు.

ఈ కేసు రికార్డులో గుర్తింపు ఎలా జరిగిందో చదివితే లాయరు లేకపోవడమంటే ఏమిటో కళ్లకు కడుతుంది. దోపిడీ చేసినవాడు నల్లకోటు, రంగు కళ్లద్దాలు వేసుకుని, గడ్డానికి రుమాలు కట్టుకున్నాడని బాధితుడు చెప్పాడు. జైల్లో బెట్స్‌కు అలాంటి కోటు తొడిగి, కళ్లద్దాలు పెట్టి, రుమాలు కట్టి చూపించారు. ఇతనేనని బాధితుడన్నాడు. ఆ కోటు ఎవరిది? ఎక్కడ దొరికింది? ఆ వేషం వేస్తే ఆ ఎత్తున్న ఎవరైనా అలాగే కనబడరా? మా నాన్నగారి దగ్గర నెల తిరగని జూనియరు కూడా మొదట వేసే ప్రశ్నలివి. బెట్స్‌కు తోచలేదు. తోచాలని అనుకోవడమే అన్యాయం.

1942లో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా బెట్స్‌ను ఓడించింది. లాయరు లేకపోవడం ప్రతి కేసులోనూ అన్యాయం కాదట. కేసు సాదాసీదాది, ముద్దాయి మామూలు తెలివి ఉన్నవాడు, అది చాలట. పేదవాడు కావడం వల్ల శిక్ష పడే అవకాశం పెరిగితే అది న్యాయం కాదని హ్యూగో బ్లాక్ తన అసమ్మతి తీర్పులో రాశాడు. దాదాపు 21 ఏళ్లకు, 1963 మార్చిలో, ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ గిడియన్ పెన్సిల్‌తో రాసి పంపిన అర్జీ మీద తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా బెట్స్ తీర్పును రద్దు చేశారు. ఆ తీర్పు రాసే పని బ్లాక్‌కే దక్కింది. అప్పటినుంచి పెద్ద నేరం మోపబడ్డ ప్రతి పేదవాడికీ రాష్ట్రమే లాయర్ని ఇవ్వాలి.

రెండు నెలలు తిరక్కుండానే మేరీలాండ్ నుంచి ఇంకో కేసు. జాన్ బ్రేడీ, అతని స్నేహితుడు ఒక హత్య కేసులో విడివిడిగా విచారణ ఎదుర్కొన్నారు. నేరంలో ఉన్నాను గానీ చంపింది నేను కాదని బ్రేడీ చెప్పాడు. చంపింది తానేనని స్నేహితుడు పోలీసులకిచ్చిన వాంగ్మూలం ప్రాసిక్యూటర్ ఫైల్లో ఉంది. బ్రేడీ లాయరు వాంగ్మూలాలు అడిగినా ఆ ఒక్కటీ బయటపెట్టలేదు. బ్రేడీకి మరణశిక్ష పడింది. ముద్దాయికి అనుకూలమైన ముఖ్య సాక్ష్యాన్ని అడిగినా ఇవ్వకుండా దాచిపెట్టడం డ్యూ ప్రాసెస్ ఉల్లంఘన అని 1963 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. బ్రేడీ మరణశిక్ష అమలు కాలేదు. నేటికీ అమెరికాలో ఏ కోర్టుకెళ్లినా లాయర్లు బ్రేడీ మెటీరియల్ ఇమ్మని అడుగుతారు. నా ప్రతి ఫైల్లోనూ ఆ అర్జీ ఉంటుంది. అది ఊరికే జతచేసే కాగితం కాదు. దానివల్ల బయటపడ్డ ఒక్క వీడియో, ఒక్క సాక్షి మొదటి మాట కేసు తలకిందులు చేయడం నేను చూశాను.

మూడోది బెంటన్ కేసు. జాన్ బెంటన్ మీద ఇల్లు చొరబడ్డ నేరం, దొంగతనం నేరం కలిపి మోపారు. దొంగతనం నేరం రుజువు కాలేదని జ్యూరీ వదిలేసింది, చొరబాటుకు పదేళ్లు పడింది. సరిగ్గా అప్పుడే ఒక బౌద్ధుడి కేసులో మేరీలాండ్ అప్పీలు కోర్టు, దేవుణ్ణి నమ్ముతామని జ్యూరీ సభ్యుల చేత ప్రమాణం చేయించడం చెల్లదంది. ఆ తీర్పుతో బెంటన్‌కు మళ్లీ విచారణ దొరికింది. ఈసారి వదిలేసిన దొంగతనం నేరం కూడా తిరగదోడి, ఒకదానికి పదిహేనేళ్లు, ఒకదానికి ఐదేళ్లు వేశారు. నిర్దోషి అన్నాక అదే నేరానికి రెండోసారి విచారించకూడదన్న ఐదో సవరణ నియమం అప్పటికి రాష్ట్రాలకు వర్తించేది కాదు. 1969 జూన్‌లో సుప్రీంకోర్టు వర్తిస్తుందని తేల్చింది. ఆ తీర్పు రాసింది థర్గుడ్ మార్షల్. బాల్టిమోర్‌లో పుట్టినవాడు. ఆయన చదువుకునే రోజుల్లో మేరీలాండ్ యూనివర్సిటీ లా కాలేజీ నల్లజాతివారిని చేర్చుకునేది కాదు. హోవర్డ్‌లో చదివి వచ్చి, తొలి రోజుల్లోనే ఆ కాలేజీ తలుపులు కోర్టు ద్వారా తెరిపించాడు. మన తెలుగువాళ్లు దిగే బాల్టిమోర్ విమానాశ్రయానికి ఉన్నది ఆయన పేరే.

ఈ చరిత్రలో మన దేశానికీ ఒక లంకె ఉంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947 చివర్లో అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. డ్యూ ప్రాసెస్ పేరుతో ఎన్నికైన ప్రభుత్వాల చట్టాల్ని జడ్జీలు కొట్టేస్తారు, అది పెట్టుకోవద్దని ఆయన సలహా. కార్మిక చట్టాల్ని అమెరికా కోర్టులు ఏళ్ల తరబడి కొట్టేసిన అనుభవం ఆ మాట వెనుక ఉంది. అయితే బెట్స్‌ను ఓడించిన ఆరుగురిలో ఫ్రాంక్‌ఫర్టర్ ఒకరన్నది కూడా మరవకూడదు. ముసాయిదా సంఘం ఆ సలహా పాటించి, మన రాజ్యాంగం 21వ అధికరణలో చట్టం నిర్దేశించిన పద్ధతి అన్న మాట పెట్టింది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దాన్ని గట్టిగా సమర్థించారు. వెలితి గమనించిన అంబేద్కర్, అరెస్టయినవారికి లాయర్ని కలిసే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలన్న నియమం 22వ అధికరణలో చేర్పించారు. 1950లో గోపాలన్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ 21వ అధికరణను ఇరుకుగా చదివింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలంది. మరుసటేడు బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల కేసులో పేదలకు ఉచిత న్యాయ సహాయం ఆ న్యాయంలో భాగమేనంది. మేరీలాండ్ నడిచిన బాటలోనే మన దేశం కూడా తన తీరున నడిచింది.

ఇక రాష్ట్ర రాజ్యాంగం సంగతి. 14వ సవరణ వచ్చి అన్నీ చేసిందనుకుంటే మా 24వ అధికరణకు పని లేదనిపిస్తుంది. అది పొరపాటని 2013 తీర్పు నిరూపించింది. మేరీలాండ్‌లో అరెస్టయినవాణ్ణి ముందు డిస్ట్రిక్ట్ కోర్టు కమిషనర్ ముందుకు తెస్తారు. అర్ధరాత్రయినా, పండగయినా ఆ పని నడుస్తూనే ఉంటుంది. ఇంటికి పంపాలా, లోపల ఉంచాలా అన్నది అక్కడ నిమిషాల్లో తేలిపోతుంది. కమిషనర్ కూర్చునే ఆ కిటికీ ముందు పేదవాడికి లాయరు ఉండేవాడు కాదు. ఫెడరల్ తీర్పులు చూస్తే ఆ తొలి హాజరు వేళ లాయరు పక్కన ఉండి తీరాలన్న నియమం లేదు. బాల్టిమోర్‌లో అరెస్టయిన పేదలు కలిసి వేసిన దావాలో, రిచ్‌మండ్ కేసు అంటారు, మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం 24వ అధికరణ ప్రకారం ఆ వేళ కూడా లాయరు ఉండాల్సిందేనంది. 1833లో జాన్ మార్షల్ నీ రాష్ట్రాన్ని అడుక్కోమన్నాడు. ఈసారి అడిగితే రాష్ట్రం కేంద్రం కంటే ఎక్కువే ఇచ్చింది.

ఆ తీర్పు వల్ల వచ్చిన డ్యూటీలు నేనూ చేస్తుంటాను. మందపాటి అద్దం అవతల ముద్దాయి, ఇవతల నేను, మాట్లాడుకోవడానికి కొద్ది నిమిషాలు. పేరు, చిరునామా, ఎన్నాళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నారు, పని ఎక్కడ, వాయిదాకు ఎవరు తీసుకొస్తారు, పాత కేసులున్నాయా. ఈ ఐదారు విషయాలు కుదురుగా చెప్పగలిగితే చాలామంది ఆ రాత్రే ఇంటికెళ్తారు. చెప్పేవాళ్లు లేకపోతే వాళ్లే లోపల ఉండిపోతారు, ఉద్యోగం పోతుంది, అద్దె కట్టలేరు. ఒక్కోసారి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు ఎదురవుతారు. దుకాణంలో బిల్లు కట్టకుండా వచ్చారన్న కేసో, కారు నడపడంలో కేసో ఉంటుంది. “మేడమ్, జరిగిందంతా చెప్పేసి సారీ అంటే వదిలేస్తారా?” అని దాదాపు అందరూ అడుగుతారు. “వద్దు నాన్నా, కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకు, నన్ను మాట్లాడనీ” అంటాను. అక్కడ అన్న మాట తర్వాత సాక్ష్యమవుతుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. 14వ సవరణ, ఐదో సవరణల్లోని డ్యూ ప్రాసెస్ హామీ పౌరుడు అనలేదు, వ్యక్తి అంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడుపుకునే చైనా వలసవాళ్ల కేసులో 1886లోనే సుప్రీంకోర్టు, పౌరులు కానివాళ్లకూ ఆ రక్షణ ఉందని చెప్పింది. వీసా మీద ఉన్నా మీకు నోటీసు, విచారణ, లాయరు హక్కులున్నాయి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందో లేదో ముందే చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, అది అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఇమ్మిగ్రేషన్ కోర్టులో మాత్రం ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు, మీరే పెట్టుకోవాలి. పరువు పోతుందని ఇంట్లో దాచిపెట్టి, ఒంటరిగా కోర్టుకెళ్లకండి. లాయరు కావాలని అడగడం తప్పు ఒప్పుకోవడం కాదు. బెట్స్ అడిగాడు, అతనికి దొరకలేదు. అతన్ని ఓడించిన తీర్పు తర్వాత రద్దయింది కాబట్టే ఈరోజు మీరు అడిగితే దొరుకుతుంది. అడగండి.